బొమ్మకు ఒళ్లు

షార్జా మ్యూజియం వెనక గదిల
తెల్ల గ్లౌజులేసుకొని నిలబడ్డ.
బల్ల మీద రాణి గౌను పండుకొని ఉంది.
రాణి కాదు, అన్నది నజాత్ మేడం
సగం అరబ్బీల, సగం హిందీల.
హోహెన్‌రీడ్ అని యూరప్‌ల ఒక బుడ్డ సంస్థానం,
పొద్దుగాల గుర్రమెక్కితె పగటి బువ్వ యాళ్లకు
సరిహద్దు దాటేటంత.
ఆ ఇంట్ల తొమ్మిదో బిడ్డ, ఒటీలియె.

లేబులు చదివింది:
పుట్టింది పద్దెనిమిది వందల ముప్పై ఎనిమిదిల.
పెండ్లి కాలేదు. పిల్లలు లేరు.
అక్క కొలువుల తోడుగ ఉండి
అరవై ఏండ్లకు పోయింది.
అంతే.
రోలాల మా షాపుల గోడకున్న రేట్ల బోర్డు
ఇంతకన్న పొడుగుంటది.

నా పని గౌను బాగుచేసుడు కాదు.
దానికి సరిపోను బొమ్మకు ఒళ్లు కుట్టాలె.
కొలత తియ్యాలంటె లోపల చూడాలె గద.

తిప్పి చూసిన.
పైన నలుపు. కుట్టు మడతల్ల నీలం.
సిరిసిల్లల అద్దకం గోలెం పక్కన పెరిగినోన్ని,
పుట్టు నలుపేదో, ముంచిన నలుపేదో నాకు తెలుస్తది.
రెండుసార్లు ముంచిండ్రు.
తండ్రి పోయిన ఏడు ఒకసారి,
పక్క రాజు సంస్థానం మింగిన ఏడు ఒకసారి కావచ్చు.
కొత్తది కుట్టించే తాహతు లేక
ఉన్నదాన్నే నల్లజేసుకున్నరు.

నడుము కాడ నా ఏళ్లు ఆగినయ్.
కుట్టు ఇప్పి మళ్ల ఏసిన తొవ్వలు.
అంగుళం వదిలిండ్రు. మళ్ల అంగుళం. మళ్ల ఒకటిన్నర.
అటెన్క ఒక్కపారే మొత్తం లోపలికి.

దర్జీ కుట్టు కాదది.
పొడుగు టాకాలు, ఎడమ చేతివి,
దీపం తగ్గించి కుట్టినట్టు వంకర.
ఒక్కకాడ సూది గుచ్చుకున్న మరక,
మినపగింజంత.

మెడ చుట్టు ముత్యాలు.
ఇవి ఈ సముద్రంలయే, అన్నది మేడం.
మావోళ్లు ముక్కు మూసుకొని మునిగి తీసినయ్,
బొంబాయి మీదికెల్లి పోయినయ్.
వేలంల కొని మళ్ల ఇంటికి తెచ్చినం.
ముప్పై ఆరుండాలె, ఇరవై రెండే ఉన్నయ్,
ఏడనో రాలినయేమో.

రాలలే.
రాలితె దారం పీచు లేస్తది.
ఇవి కత్తెర పెట్టి కోసినయ్, ముడి ఇడిసిపెట్టి.
మొదట కోసినకాడ కొసదాక నలుపెక్కింది,
ఆఖర్ల కోసినకాడ దారం ఇంక తెల్లగనె ఉంది.
ఒక్కనాడు కాదు, ఒక్క ఏడు కాదు.
పద్నాలుగు ముత్యాలు.
ఏ పల్లెలనో ఎవలో పాలిచ్చి సాకినందుకు,
బూట్లకు, పలకకు, జరమొచ్చిన చలికాలానికి.
పద్నాలుగేండ్లకు పిల్లగాడు పనిల పడతడు.
పిల్లయినా పడతది.
నేను మగ్గమెక్కింది గూడ ఆ ఈడుకే.

నాకేం తెలుసు.
నేను చూసింది గుడ్డ, అంతే.
ఏమన్న పాడైందా, అన్నది మేడం.
ఏం లేదన్న.
ఇరవై ఏడేండ్లల ఎందరి ఒళ్లో కొలిచిన,
టేపుకు తెలిసిన ముచ్చట
నోటిదాక రానియ్యలే.

ఏ నడుముకు కుట్టాలె, అనడిగిన.
ఆమెకు సమజ్ కాలే.
పటంల ఉన్నట్టు, సన్నగ, అన్నది.

సన్నగనే కుట్టిన.
కాకపోతె కడుపు కాడ, మల్లుగుడ్డ కింద,
దూది ఒక పొర ఎక్కువ పెట్టిన.
కండ్లకు కనవడదు, చెయ్యేస్తెనే తెలుస్తది.
అద్దాలల్ల నిలవెట్టినంక చెయ్యెవలేస్తరు.

బిల్లు రాసిచ్చిన:
మల్లుగుడ్డ నాలుగు మీటర్లు,
దూది రెండు కిలోలు,
మజూరి.

దూది జర ఎక్కువైనట్టుందే, అన్నది మేడం.
అయితది, అన్న.